గురువారమే సన్మానం

చంద్రపూర్ తెలుగు సమాజ్ ఎవరికి శాలువా కప్పినా, ఆ శాలువాతో పాటు అనంతరావు రాసిన సన్మాన పత్రం ఉండి తీరాల్సిందే. ఆయన లాల్‌పేట్ బొగ్గు గనిలో ముప్పై నాలుగేళ్లు హాజరీ బాబుగా చేసి రిటైరైన మనిషి. దిగినవాడి పేరు, పైకొచ్చినవాడి పేరు, రానివాడి పేరు రాయడమే ఆయన నౌకరీ. ఊళ్లో తెలుగు మాట్లాడేవాళ్లు వేలమంది ఉన్నారు గాని తప్పుల్లేకుండా రాసేవాళ్లను లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్లు ఎక్కువ. అందుకని డాక్టరుకైనా, ఠాణేదారుకైనా, పదో తరగతిలో ఫస్టొచ్చిన పిల్లకైనా ఆయనే కలం పట్టేవాడు. "దీనజన బాంధవా, కరుణా సముద్రా" అని మొదలుపెట్టి బంగారు అంచు కాగితం నిండా విశేషణాలు పోసేవాడు. దాన్ని అద్దాల ఫ్రేములో బిగించి సభలో గొంతెత్తి చదివితే జనం చప్పట్లు కొట్టేవారు. అర్థం ఏమిటని ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు.

డిసెంబరులో ఒక సోమవారం పొద్దున సమాజ్ సెక్రటరీ నాగేష్ స్కూటర్ దిగాడు. జట్‌పురా గేటు దగ్గర అతనికి బట్టల దుకాణం ఉంది.

"కాకా, శుక్రవారం పదకొండు గంటలకు ఖాసదార్ సాబ్‌కు సత్కారం. పత్రం నువ్వే రాయాలె."

ఇక్కడ మరాఠీలో ఎంపీని ఖాసదార్ అంటారు. ఈ ఖాసదార్ పేరు వినాయక్‌రావు, రెండోసారి గెలిచినవాడు. మరాఠీ మనిషి కాబట్టి తెలుగు ముక్క రాదు గాని, తెలుగువాళ్ల ఓట్లు ఎన్నో మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతాడు.

"ఏం జేసిండని సత్కారం?" అన్నాడు అనంతరావు.

నాగేష్ తెల్లబోయాడు. ఇన్నేళ్లలో ఈ ప్రశ్న ఈ ఇంట్లో పుట్టలేదు.

"ఏం జేసిండేంది కాకా? భూమి పోయినోళ్లకు నౌకరీ ఇయ్యాలని మల్ల బిల్లు పెట్టిండు గద. సమాజ్ భవనానికి జాగ గూడ ఇప్పిస్త అంటుండు. పోయినసారి రాసినవు చూడు, గట్ల రాస్తే అయిపాయె."

పోయినసారి అన్న మాట వినగానే అనంతరావు మొహం మాడిపోయింది. దానికి కారణం ఆయన చెల్లెలు రాజమ్మ.

ఐదేళ్ల కింద ఇదే వినాయక్‌రావు ఇలాంటి బిల్లే ఒకటి పార్లమెంటులో పెట్టాడు. గనికి భూమి ఇచ్చిన ప్రతి ఇంట్లో, ఎకరం ఇచ్చినా సరే, కొడుకైనా కూతురైనా సరే, ఒకరికి ఉద్యోగం ఇవ్వాలని ఆ బిల్లు. పెట్టడమంటే పెట్టడమే, అంతకుమించి ఏమీ కాలేదు. కాని అనంతరావు సన్మాన పత్రంలో "నిర్వాసితుల బిడ్డలకు ఉద్యోగ హక్కును చట్టంగా ప్రసాదించిన మహనీయా" అని రాశాడు. పెట్టినదాన్ని తెచ్చినదని రాయడం ఆయన దృష్టిలో అబద్ధం కాదు, మర్యాద. సన్మానంలో మనిషిని ఒక మెట్టు ఎక్కించే రాస్తారు.

ఆ పత్రం నకలు ఫ్రేము కట్టించుకుని కోర్పనా తాలూకా నల్లవాగువాళ్లు తమ పంచాయతీ ఆఫీసులో వేలాడదీశారు. రాజమ్మది ఆ ఊరే. మొగుడు పోయాడు. మూడుంబావు ఎకరాల నల్లరేగడి, ఉజ్వల అనే కూతురు మిగిలాయి. గనివాళ్లు వచ్చి ముందు ఎకరంన్నర అడిగారు. రెండెకరాల లోపు ఇచ్చినవాళ్లకు ఉద్యోగం లేదన్నది గని రూలు. ఊళ్లోవాళ్లు వెనకాడుతుంటే రాజమ్మ మాత్రం కొంగు బిగించి సంతకం పెట్టింది. చట్టం వచ్చిందని అన్న స్వయంగా రాశాడు గదా! తరవాత ఆ ఫ్రేమును గోడ మీంచి దింపి, పాత చీరలో చుట్టి, బస్సెక్కి గని భూమి ఆఫీసుకు తీసుకెళ్లింది. ఆఫీసరు బల్ల మీద నిలబెట్టి "గిదిగో కాయిదం, నా బిడ్డకు నౌకరీ ఇయ్యుండ్రి" అంది. ఆఫీసరు తెలుగు వచ్చిన గుమస్తాను పిలిచి చదివించుకున్నాడు. కరుణా సముద్రుడి దగ్గరకు వచ్చేసరికి ఆఫీసంతా పొట్టలు పట్టుకుని నవ్వింది.

రాజమ్మ ఫ్రేము ఒళ్లో పెట్టుకుని ఇంటికి వచ్చింది. అన్నను ఒక్క మాట అనలేదు. అని ఉంటే అనంతరావు ఏదో ఒకటి చెప్పుకుని బయటపడేవాడు. అనకపోవడమే ఆయనను ఐదేళ్లుగా తొలుస్తోంది. ఇప్పుడు మిగిలిన ఎకరం డెబ్బై ఐదు సెంట్లకు కూడా నోటీసు వచ్చింది. ఈసారీ రెండెకరాల లోపే, ఆ తెలివి గనివాళ్లకు పుట్టుకతో వచ్చింది. సాబ్ మళ్లీ బిల్లు పెట్టాడు, సంతకం పెట్టెయ్యమని ఊరి పెద్దలు పోరుతుంటే రాజమ్మ వాళ్లతో "మా అన్న ఈసారి ఏం రాస్తడో సూసినంక చెప్త" అంటోందట. ఆ కబురు విన్నప్పటి నుంచి అనంతరావుకు కంటి మీద కునుకు లేదు.

"రాస్త," అన్నాడు నాగేష్‌తో. "గాని ఈసారి అన్నీ అర్సుకున్నంకనే రాస్త."

ఉజ్వల మేనమామ ఇంట్లోనే ఉంటూ కలెక్టరు ఆఫీసు దగ్గరి సేతు కేంద్రంలో పనిచేస్తుంది. ఆదాయం సర్టిఫికెట్లు, కులం సర్టిఫికెట్లు, సాతబారా అనే పొలం పహాణీ నకళ్లు, అన్నీ ఆ కంప్యూటర్ల మీదుగానే పోతాయి. సాయంత్రం రద్దీ తగ్గాక అనంతరావు వెళ్లి ఆమె పక్కన స్టూలు వేసుకుని, పెన్సిలు చెవి మీద పెట్టుకుని కూర్చున్నాడు. గనిలో రిజిస్టరు ముందు కూర్చున్నట్టే.

"ఖాసదార్ హాజరీ తియ్యి," అన్నాడు.

"మామా, అండ్ల హాజరీ ఒక్కటే ఉండది. ఓట్లు, ప్రశ్నలు, బిల్లులు అన్నీ ఉంటయి."

ఉజ్వల పార్లమెంటు వెబ్‌సైటు తెరిచి ఒక్కొక్కటీ చదివింది, ఆయన రాసుకున్నాడు. సొంతంగా పెట్టిన బిల్లులు ఆరు. అందులో చర్చకు వచ్చినది ఒక్కటీ లేదు. గనులకు భూమి తీసుకునేటప్పుడు ఊరివాళ్లు అభ్యంతరం చెప్పే గడువును సగానికి కోసే సవరణకు పేరు పేరునా ఓటింగు జరిగింది. వినాయక్‌రావు ఓటు, అనుకూలం. నల్లవాగుకు వచ్చి "నేను ఎదిరించాను" అని చెప్పిన సవరణ అదే. అనంతరావు పెన్సిలు కాగితం మీద గట్టిగా నొక్కుకుంది.

"ఐదేండ్ల కిందటి బిల్లు ఏమైంది సూడు."

ఉజ్వల వెతికింది. ఎంపీలు సొంతంగా పెట్టే బిల్లులకు శుక్రవారం మధ్యాహ్నాలే దిక్కు. అందులోనూ చీటీల్లో పేరు రావాలి. వినాయక్‌రావు అదృష్టం కొద్దీ వచ్చింది. ఆగస్టులో ఒక శుక్రవారం ఆయన పేరు పిలిచారు. సభ్యుడు గైర్హాజరు. బిల్లు కదల్లేదు. సభ గడువు తీరగానే అదీ పోయింది.

"ఏ తారీఖు?"

ఉజ్వల చెప్పింది. అనంతరావు లేచి ఇంటికి వెళ్లాడు. రాసిన ప్రతి పత్రం నకలు ఆయన దగ్గర తారీఖుల వారీగా ఉంటుంది. ఫైలు తీసుకుని మళ్లీ వచ్చి, ఒక కాగితం తెరిచి మేనకోడలి ముందు పెట్టాడు.

అదే తారీఖు.

ఢిల్లీలో వినాయక్‌రావు పేరు పిలిచిన మధ్యాహ్నం ఆయన చంద్రపూర్‌లో ఉన్నాడు. తెలుగు సమాజ్ వేసిన స్టేజీ మీద, తెలుగు సమాజ్ కప్పిన శాలువాతో, ఆ బిల్లునే పొగుడుతూ అనంతరావు చదువుతున్న పత్రానికి తలాడిస్తూ కూర్చున్నాడు. ఆ తరవాత భోజనాలు. రెండు రకాల స్వీట్లు పెట్టారని అనంతరావుకు ఇప్పటికీ గుర్తు.

సిగ్గుతో ఆయన చెవులు కాలిపోయాయి. వినాయక్‌రావును కదలకుండా పట్టి కూర్చోబెట్టింది మనమే గదా అనుకున్నాడు. చెల్లెలి ఎకరంన్నర పోవడంలో ఖాసదార్ వాటా ఎంతో గాని, తన వాటా మాత్రం బంగారు అంచు కాగితం మీద తన దస్తూరీలోనే ఉంది.

"మామా," అంది ఉజ్వల నెమ్మదిగా, స్క్రీను మీద వేలు పెట్టి. "కొత్త బిల్లు గూడ చీటీల వచ్చింది. గీ శుక్రవారమే."

మంగళవారం పొద్దున్నే అనంతరావు బట్టల దుకాణం మెట్లెక్కాడు. సన్మానం శనివారానికి మార్చమన్నాడు. శనివారం సాబ్ నాగపూర్‌లో పెళ్లికి పోవాలట. ఆదివారం? ఆదివారం ఇంకో పెళ్లి. నాగేష్ పాపం ఆయన ముందే సాబ్ పీఏకు ఫోను చేశాడు. ఫోనులో పీఏ పగలబడి నవ్వాడు. స్వాతంత్ర్యం వచ్చినప్పటి నుంచి ఇలాంటి బిల్లులు పట్టుమని ఇరవై కూడా పాస్ కాలేదనీ, అవి పేపర్లో ఫోటో కోసం పెట్టేవనీ, కాకాకు తెలియకపోతే తమరైనా చెప్పాలనీ అన్నాడు.

"విన్నవు గద," అన్నాడు నాగేష్. "హాలు మాట్లాడిన, వంటోళ్లకు చెప్పిన, మూడు నూర్ల మందిని పిలిచిన. పాస్ గాని బిల్లు కోసం గిదంత ఆపాల్నా? నీకు రాసుడు ఇష్టం లేకుంటే చెప్పు, ఆదిలాబాద్‌కెల్లి వాట్సాప్‌ల తెప్పిస్త."

"రాయనని ఎవరన్నరు?" అని అనంతరావు మెట్లు దిగాడు.

ఆ సాయంత్రం నల్లవాగుకు ఫోను చేశాడు. చెల్లెలికి మొదటి నుంచి చివరి దాకా చెప్పాడు. చట్టం రాలేదని తెలిసీ వచ్చినట్టు రాశానని, తప్పు తనదేనని, ఈసారి ఏ కాగితం చూసీ సంతకం పెట్టవద్దని చెప్పాడు.

"గీ ముచ్చట ఐదేండ్ల కింద చెప్పాలె అన్నా," అంది రాజమ్మ అంతా విని. గొంతులో ఏడుపు లేదు, కోపం మాత్రం దండిగా ఉంది. "సరే, గిప్పుడు ఏం జేద్దామంటవు?"

అనంతరావు చెప్పాడు. రాజమ్మ రెండుసార్లు అడిగి నిర్ధారణ చేసుకుంది. తరవాత ఫోనులోనే ఫక్కున నవ్వింది. చెల్లెలి నవ్వు విని ఆయనకు ఎన్నాళ్లయిందో!

గురువారం మధ్యాహ్నం వినాయక్‌రావు చంద్రపూర్ ప్రభుత్వ విశ్రామ గృహంలో దిగాడు. నాలుగు గంటలకు రెండు జీపులు గేటు ముందు ఆగాయి. పత్తి ఏరడం మానుకుని వచ్చిన నల్లవాగు ఆడవాళ్లు, ఐదారుగురు మగవాళ్లు దిగారు. ముందు రాజమ్మ పళ్లెంలో శాలువా, కొబ్బరికాయ పట్టుకుని నడిచింది. పక్కన ఉజ్వల పూలదండతో, వెనక అనంతరావు ఫ్రేముతో. పోలీసు జవాను పళ్లెం చూసి సలాం కొట్టి గేటు తీశాడు. ఈ దేశంలో దరఖాస్తు పట్టుకొచ్చినవాడిని నాలుగు చోట్ల ఆపుతారు, శాలువా పట్టుకొచ్చినవాడిని ఎక్కడా ఆపరు.

"సత్కారం రేపు కదా?" అన్నాడు పీఏ మరాఠీలో.

"ఈరోజే," అన్నాడు అనంతరావు కూడా మరాఠీలో. "సమాజ్ తరఫున."

వినాయక్‌రావు వరండాలోకి వచ్చి జనాన్ని చూసి ముచ్చటపడి కుర్చీలో కూర్చున్నాడు. ఉజ్వల దండ వేసింది. రాజమ్మ శాలువా కప్పింది. ఎవరో ఫోనులో వీడియో మొదలుపెట్టారు. అప్పటికి కబురంది నాగేష్ స్కూటర్ మీద ఎగశ్వాస దిగశ్వాసగా వచ్చాడు. ఖాసదార్ భుజాల మీది శాలువా తన దుకాణంలోదే, నిన్న తన చేతులతో తనే మడతపెట్టి ఉజ్వలకు ఇచ్చినదే. ఫ్రేములోని నాలుగు వరుసలు చదివి గబగబా దగ్గరకు వచ్చాడు.

"కాకా, నీ కాళ్లు మొక్కుత," అని అనంతరావు చెవిలో గొణిగాడు. "సదివేదేదో తెలుగుల సదువు. ఆయనకు సమజ్ గాదు. మనోళ్లు నవ్వుకుంటరు, ఆయన గూడ నవ్వుతడు, ఖతం."

అనంతరావుకు ఆ మాట ఒక్క క్షణం తియ్యగానే అనిపించింది. తెలియని భాషలో తిట్టి తెలిసిన భాషలో దండం పెట్టడం తేలికే. కాని ఐదేళ్ల కింద తను చేసింది కూడా ఇలాంటి పనే. ఎదుటివాడికి అర్థం కాని మాటలు చదివి చప్పట్లు కొట్టించుకున్నాడు.

"ఆయనకు సమజ్ గావాల్ననే గద వచ్చినం," అని ఫ్రేము పైకెత్తి, తెలుగు అక్షరాల మీద చూపు పెట్టి, గట్టిగా మరాఠీలో చదివాడు.

"వినాయక్‌రావు గారికి. మీరు ఆరు బిల్లులు పెట్టారు. ఆరింటిలో ఒక్కదాని మీదా సభలో నిలబడి మాట్లాడలేదు. ఊరివాళ్ల గడువు కోసేసిన సవరణకు అనుకూలంగా ఓటు వేశారు, నల్లవాగులో మాత్రం ఎదిరించానన్నారు. భూమి పోయినవాళ్ల బిల్లు వంతు వచ్చిన శుక్రవారం మీరు గైర్హాజరు. ఆ రోజు మిమ్మల్ని ఇక్కడ కూర్చోబెట్టినది మేమే. చట్టం వచ్చిందని అబద్ధం రాసినది నేనే. ఆ అబద్ధాన్ని నమ్మి నా చెల్లెలు భూమి పోగొట్టుకుంది. మా తప్పుకు మేము సిగ్గుపడుతున్నాం. మళ్లీ చేయం. ఇట్లు, అనంతరావు, చంద్రపూర్ తెలుగు సమాజ్."

వరండాలో చప్పట్లు లేవు. వినాయక్‌రావు మొహంలో నవ్వు ఎటు పోవాలో తెలియక అక్కడే కాసేపు నిలబడి మెల్లగా జారిపోయింది.

"పార్టీ విప్ ఉంటుంది. అవన్నీ మీకేం తెలుస్తాయి?" అన్నాడు. "ఇక ఆ బిల్లు అంటారా, నేను వెళ్లినా పాస్ కాదు."

"పాస్ చేయించమని అనలేదు సాహెబ్. హాజరు కమ్మంటున్నాం," అన్నాడు అనంతరావు. "నేను ముప్పై నాలుగేళ్లు హాజరీ రాశాను. గనిలో బొగ్గు దొరుకుతుందో లేదో కూలివాడికి తెలియదు, అయినా రోజూ దిగేవాడు. దిగనివాడి పేరు ఎదురుగా నేను గైర్హాజరని రాసేవాణ్ని. వాడు ఎంత పెద్దమనిషి అయినా సరే!"

వినాయక్‌రావు కుర్చీ చేతులు పట్టుకుని నాగేష్ వైపు తిరిగాడు. "రేపు మీ కార్యక్రమం ఉందా, లేదా?"

నాగేష్ ఆయనను చూశాడు, భవనం జాగా కళ్ల ముందు కదిలింది. పక్కకు చూశాడు. పత్తి పీచు అంటిన చీరల్లో ఆడవాళ్లు కళ్లార్పకుండా తనవైపే చూస్తున్నారు. వీళ్లలో సగం మంది ఇంటి పెళ్లిబట్టలు తన దుకాణంలోవే.

"లేదు సాహెబ్," అన్నాడు. "సత్కారం అయిపోయింది గదా. ఒకే పనికి రెండుసార్లు చేసే పద్ధతి మాలో లేదు."

వినాయక్‌రావు విసురుగా లేచి శాలువా కుర్చీ మీద పడేసి లోపలికి పోయాడు. అరగంటకు కారు బయటకు తీశారు. రాజమ్మ ఆ శాలువా మడతపెట్టి కిటికీలోంచి ఆయన పక్క సీటు మీద పెట్టింది.

"ఢిల్లీల సలి మస్తుగుంటదట సాబ్," అంది తెలుగులోనే. "కప్పుకో."

కారు నాగపూర్ రోడ్డు ఎక్కింది. ఢిల్లీ విమానం ఎక్కాలంటే అటే పోవాలి.

శుక్రవారం మూడున్నరకు సేతు కేంద్రంలో సర్టిఫికెట్ల పని ఆగిపోయింది. కంప్యూటరులో పార్లమెంటు, దాని ముందు నల్లవాగువాళ్లు. పేరు పిలవగానే వినాయక్‌రావు లేచి నిలబడ్డాడు. అనంతరావు జేబులోంచి కాగితం తీసి, ఎవరికీ చూపించకుండా, "హాజరు" అని రాసుకున్నాడు. వినాయక్‌రావు మొదట కాగితం చూసి నసిగాడు, తరవాత నల్లవాగు పేరు ఎత్తి తొమ్మిది నిమిషాలు మాట్లాడాడు. తమ ఊరి పేరు ఢిల్లీలో వినబడగానే ఒక ముసలామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. చర్చ తెగలేదు, రెండు వారాల తరవాతి శుక్రవారానికి పడింది. ఆ శుక్రవారమూ ఆయన వెళ్లాడు. వెళ్లకపోతే మళ్లీ సన్మానం చేయడానికి సిద్ధంగా ఉన్నామని అనంతరావు పీఏకు కబురు పెట్టాడు లెండి.

మంత్రి లేచి సభ్యుడి ఆవేదన అర్థమైందనీ, బిల్లు వెనక్కి తీసుకోవాలనీ కోరాడు. ఇలా అడగడం, అలా తీసుకోవడం ఆనవాయితీ. వినాయక్‌రావు మనసు మారిందో, తన పేరు ఎదురుగా ఏం రాస్తారోనని భయపడ్డాడో ఆయనకే తెలియాలి. తీసుకోనన్నాడు. అధ్యక్షుడు మూజువాణి ఓటు అడిగాడు. అక్కడ అందరూ ఒక్కసారిగా నోటితో అంటారు, ఎవరేమన్నారో పేర్లు రాయరు.

అనుకూలమైనవాళ్లు 'హా' అనండి అన్నాడు అధ్యక్షుడు. సభలో నాలుగైదు గొంతులు వినిపించాయి. సేతు కేంద్రంలో రాజమ్మ "హా!" అని అరిచింది. ఆమె వెంట ఉజ్వల, ఆమె వెంట నల్లవాగు, కులం సర్టిఫికెట్టు కోసం లైన్లో నిలబడ్డ ఊరూపేరూ తెలియనివాళ్లు కూడా అరిచారు. తరవాత సభలో 'నహీ' అన్న మోత లేచింది. బిల్లు వీగిపోయింది. అనంతరావుకు కళ్లు చెమర్చాయి. ఇలాగే అవుతుందని తెలుసు, అయినా బాధ బాధే.

సోమవారం గని భూమి ఆఫీసుకు రాజమ్మతో ఆయనా వెళ్లాడు. ఆఫీసరు పేపరు చదివే ఉన్నాడు. నవ్వును దాచుకునే ప్రయత్నం కూడా చేయకుండా మరాఠీలో "బిల్లు పోయింది గదా అవ్వా, ఇంకేం చూస్తావు?" అని ఒప్పంద కాగితం ముందుకు తోశాడు. అనంతరావు ఏదో చెప్పబోయాడు. రాజమ్మ ఆయన చెయ్యి పట్టి ఆపింది.

"నహీ," అంది, బయటి వరండాలో ఉన్నవాళ్లకు కూడా వినబడేట్టు. తరవాత గుమస్తా వైపు తిరిగి బల్ల మీద వేలుతో కొట్టింది. "గట్ల సూస్తవేంది? రాసుకో. మీ ఢిల్లీల లెక్క పేరు లేకుంట గాదు. నహీ అన్నది ఆకుల రాజమ్మ, నల్లవాగు."